తుక్కు ద్విచక్ర వాహనాల భాగాలతో సేద్యపు బండ్లు: ఇంటి తయారీలో గమనించవలసిన సాంకేతికాంశాలు

కాడెడ్ల జతను ఏడాది పొడుగునా మేపి నిలుపుకొనగల రైతుల సంఖ్య నానాటికీ తగ్గుతున్నది. ఎడ్లకు పని దొరికేది ఏడాదిలో కొన్ని వారాలే. మేత మాత్రం ప్రతిదినమూ కావాలి. రెండు మూడు ఎకరాల కమతానికి ట్రాక్టరు కొనడం గిట్టుబాటు కాదు. అద్దె ట్రాక్టరు దుక్కికి దొరికినా, పైరు మొలిచిన తరువాత సాళ్ళ మధ్య గుంటక తోలే పనికి దానిని దించడం సాధ్యం కాదు. ఈ లోటును పూరించుకొనడానికి గ్రామాలలోని మెకానిక్కులు, వెల్డర్లు, చేతిపని తెలిసిన రైతులు మూలబడిన మోటారు సైకిళ్ళను, స్కూటర్లను, మోపెడ్లను విప్పి సేద్యపు బండ్లుగా మలచుకుంటున్నారు. ఇంజను ఒక బండిది, చక్రాలు మరొక బండివి, ఇరుసు పాత ఇనుప సామాన్ల దుకాణంలో తూకానికి కొన్నది, కలిపేది ఇంటి వెనుక పాకలోనో వెల్డింగు షాపులోనో.

ఇట్టి బండిని చూపి “చేయించుకోవచ్చునా?” అని రైతు అడిగినప్పుడు విస్తరణ విభాగం నుండి సాధారణంగా రెండు విధాలైన జవాబులు వస్తుంటాయి. ఒకటి, గ్రామీణ ప్రతిభ అని మెచ్చుకొని పంపివేయడం. రెండవది, అనుమతి లేని యంత్రమని తోసిపుచ్చడం. ఈ రెండింటిలో ఏదీ రైతు ప్రశ్నకు జవాబు కాదు. అతడు కూడబెట్టిన డబ్బును, కొన్ని సందర్భాలలో కాలూ చేతులను కూడా, ఆ బండిపై పణంగా పెట్టబోతున్నాడు. అతనికి కావలసినది ఈ బండి ఏ నేలలో ఏ పని చేయగలదు, ఎక్కడ విరుగుతుంది అన్న అంచనా. ఆ అంచనా వేయడానికి మొదట చూడవలసినది ఇంజను అశ్వశక్తి అని చాలమంది భావిస్తారు. నిజానికి అది చివర చూడదగిన అంశం. నేలపై చక్రానికి ఉండే పట్టు, గాలి తగలని చోట ఇంజను చల్లబడే తీరు, అదనపు బరువు మోసే గొలుసు, ఆపే సాధనం – బండి మంచి చెడ్డలను నిర్ణయించేవి ఇవి.

బుల్లెట్ సాంతీ అనుభవం

మన దేశంలో ఈ కోవకు చెందిన యంత్రాలలో వివరంగా నమోదైనది గుజరాత్‌కు చెందిన బుల్లెట్ సాంతీ. అమ్రేలీ జిల్లా మోటా దేవళియా గ్రామానికి చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ దీనిని 1994 ప్రాంతంలో రూపొందించారు. కరవు, ఎడ్ల కొరత కలిసి వచ్చిన కాలమది. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిలుకు 5.5 అశ్వశక్తి డీజిల్ ఇంజను అమర్చి, వెనుక చక్రాన్ని తొలగించి, ఆ స్థానంలో రెండు చక్రాల ఇరుసును, పనిముట్లు బిగించే అడ్డపట్టీని కలిపారు. సౌరాష్ట్రలో బుల్లెట్ ముందుభాగానికి డీజిల్ ఇంజనును, వెనుక రెండు చక్రాల పెట్టెను జోడించిన ఛకడా అనే ప్రయాణపు బండి బాగా వాడుకలో ఉన్నందున, అక్కడి మెకానిక్కులకు ఇట్టి కూర్పు కొత్త కాదు. హనీ బీ నెట్‌వర్క్, ఆ తరువాత 2000లో ఏర్పడిన జాతీయ నవకల్పన ప్రతిష్ఠానం (నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్) ఈ యంత్రాన్ని నమోదు చేసి ప్రచారంలోకి తెచ్చాయి. 2005లో అమెరికా పేటెంటు కూడా లభించింది.

ఈ యంత్రం గురించి తరచుగా చెప్పే మాట ఒకటున్నది: అర గంటలో ఎకరం, రెండు లీటర్ల డీజిల్. ఈ అంకెను ఉన్నదున్నట్లుగా రైతుకు అందించడం కన్న ఒకసారి లెక్కకట్టి చూడడం మేలు. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. అర గంటలో పూర్తి కావాలంటే గంటకు 8,094 చదరపు మీటర్ల నేల కదలాలి. పనిముట్టు వెడల్పు 1.5 మీటర్లు అనుకున్నా బండి గంటకు 5.4 కిలోమీటర్ల వేగంతో, మలుపుల వద్ద ఒక్క నిమిషమైనా పోగొట్టుకొనకుండా నడవాలి. 1.2 మీటర్లయితే 6.7 కిలోమీటర్లు కావాలి. తేలిక నేలలో పైపైన సాగే అంతరకృషికి ఇది అసంభవం కాదు. నల్లరేగడిలో లోతు దుక్కికి ఈ అంకెను అన్వయించడం మాత్రం పొరపాటు. బుల్లెట్ స్వతహాగా బరువైన బండి అనీ, దానిపై డీజిల్ ఇంజను, మనిషి బరువు కూడా కలుస్తాయనీ గుర్తుంచుకోవాలి. ఆ బరువే దానికి పట్టునిచ్చింది. మన గ్రామాలలో 100 సి.సి. తేలిక బండిని కోసి, బుల్లెట్ సాంతీ పేరు చెప్పి అదే పని ఆశించేవారికి నిరాశ ఎదురు కావడానికి కారణం ఇక్కడే ఉన్నది.

ఇంజను లేని ఉదాహరణ కూడా ఒకటి గమనింపదగినది. మహారాష్ట్ర జళగావ్ జిల్లాకు చెందిన గోపాల్ మల్హారీ భిసే పాత సైకిలు ముందు చక్రం, హ్యాండిలు, గొట్టాలతో కలుపు తీసే పరికరాన్ని తయారు చేశారు. నెట్టుకుంటూ పోయే ఇటువంటి సైకిలు గుంటక తెలుగు ప్రాంతాలలోనూ కూరగాయల మళ్ళలో, సన్న సాళ్ళ పైర్లలో కనిపిస్తున్నది. తుక్కుతో చేసిన పరికరాలలో చౌకలోను, భద్రతలోను దీనికి సాటి వచ్చేది లేదు. ఎకరం లోపు మళ్ళు గల రైతు ఇంజను బండిని అడిగితే ముందు దీనిని చూపడం సమంజసం.

వేగం తగ్గింపు లెక్క

మోటారు సైకిలు ఇంజను వేగంగా తిరిగి తక్కువ తిప్పుబలం ఇచ్చే రకం. గుంటక పనికి కావలసిన వేగం మనిషి నడకతో సమానం, అనగా గంటకు సుమారు 3 కిలోమీటర్లు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనీ, చక్రం వ్యాసం 60 సెం.మీ. అనీ అనుకుందాం. చక్రం చుట్టుకొలత 1.88 మీటర్లు. గంటకు 3 కి.మీ. అంటే నిమిషానికి 50 మీటర్లు; కనుక చక్రం నిమిషానికి 26 లేక 27 చుట్లు మాత్రమే తిరగాలి. అనగా ఇంజను నుండి చక్రం వరకు వేగం సుమారు 110 రెట్లు తగ్గాలి. 100 సి.సి. తరగతి బండ్లలో మొదటి గేరులో మొత్తం తగ్గింపు 30 నుండి 40 రెట్లు ఉంటుంది. మార్పు లేకుండా అదే బండిని పొలంలోకి దించితే అది గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తుతుంది. తోలేవాడు హాఫ్ క్లచ్‌తో నెట్టుకొస్తాడు. రెండు రోజులలో క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి.

మిగిలిన మూడు రెట్ల తగ్గింపునకు మార్గం తుక్కు కుప్పలోనే ఉన్నది. ఇదే తరగతికి చెందిన మరొక పాత బండి నుండి 14 పళ్ళ చిన్న స్ప్రాకెట్టును, 44 పళ్ళ పెద్ద స్ప్రాకెట్టును తెచ్చి, నడుమ ఒక అదనపు ఇరుసుపై అమర్చితే 3.14 రెట్ల తగ్గింపు లభిస్తుంది. మొదటి గేరు తగ్గింపు 35 అయితే మొత్తం 110. కోరిన నడక వేగం సరిగ్గా కుదురుతుంది. నడుమ ఇరుసుకు చక్రాల హబ్బులలో వాడే 6301, 6302 వంటి బేరింగులు చాలు. అవి ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి.

అయితే ఈ అమరికలో దాగి ఉన్న కష్టం ఒకటున్నది. వేగం ఎన్ని రెట్లు తగ్గితే తిప్పుబలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. ఇంజను మునుపటి బలమే ఇచ్చినా రెండవ గొలుసుపై పడే లాగుడు మొదటి గొలుసుపై పడేదానికి మూడు రెట్లు. రోడ్డు మీద మొదటి గేరు కొద్ది క్షణాల వ్యవహారం. పొలంలో గంటల తరబడి అదే గేరు. కనుక రెండవ దశకు అరిగిన పాత గొలుసు వాడడం తగదు. ఈ ఒక్క భాగాన్ని కొత్తగా కొని, పైన రేకు కప్పు బిగించాలి. బలంగా లాగుతున్న గొలుసు తెగితే అది కొరడా వలె వెనక్కు లేస్తుంది. వెనుక నడిచే మనిషి మోకాళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి. పంచె కొంగు, చీర చెంగు గొలుసులో చిక్కుకునే ప్రమాదాన్ని కూడా ఆ కప్పే నివారిస్తుంది.

శక్తి ఉన్నా పట్టు లేనప్పుడు

ఎర్ర నేలలో 30 సెం.మీ. పాస గల గుంటకను 4 సెం.మీ. లోతున లాగుతున్నామనుకుంటే, కదిలే మట్టి అడ్డుకోత 120 చదరపు సెంటీమీటర్లు. తేలిక నేలలో చదరపు సెంటీమీటరుకు రమారమి 0.3 కిలోల ఈడ్పు చొప్పున 36 కిలోల బలం కావాలి. గంటకు 3 కి.మీ. వేగంతో ఈ పనికి ఖర్చయ్యే శక్తి అర అశ్వశక్తి కన్న తక్కువ. చక్రం జారుడు, మెత్తని మట్టిలో దొర్లడానికయ్యే శ్రమ, గొలుసుల రాపిడి కలిపినా ఒకటిన్నర అశ్వశక్తిని మించదు. 7 అశ్వశక్తుల ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదు.

ఇక పట్టు సంగతి. దున్నిన నేలపై రబ్బరు టైరు తనపై పడే బరువులో సుమారు 30 నుండి 40 శాతం మాత్రమే ఈడ్పుగా మార్చగలదు. నడిచి తోలే బండిలో వెనుక చక్రంపై 60 కిలోల బరువు ఉంటే లభించేది 18 నుండి 24 కిలోలు. కావలసినది 36. ఇంజను గర్జిస్తుంది, చక్రం ఉన్నచోటనే గొయ్యి తీస్తుంది. తయారీదారు అప్పుడు పెద్ద ఇంజను కోసం వెదకుతాడు. అది వ్యర్థమైన ఖర్చు. చక్రంపై బరువు 90 నుండి 100 కిలోలకు పెంచడం, టైరుకు బదులు కోణపు ఇనుప పట్టీలు వెల్డు చేసిన ఇనుప చక్రం వాడడం, ఈ రెండే సరైన దారులు. చక్రం లోపలి ఖాళీలో సిమెంటు కాంక్రీటు దిమ్మలు బిగించి బరువు పెంచవచ్చు. అయితే బరువు పెరిగిన కొద్దీ గట్టు వద్ద మళ్ళించడం కష్టమవుతుంది, సాళ్ళ మధ్య నేల అణగారుతుంది. ఈ రాజీ ఎక్కడ కుదురుతుందన్నది ఆ నేలలో తోలి చూసి తేల్చవలసిందే.

ఇదే లెక్క నల్లరేగడికి వేస్తే చిత్రం మారిపోతుంది. బరువు నేలలో ఈడ్పు రెట్టింపవుతుంది. అదే గుంటకకు 70 కిలోలు దాటుతుంది. 15 సెం.మీ. లోతు, 20 సెం.మీ. వెడల్పు గల నాగలి చాలుకు తేలిక నేలలోనే 90 కిలోలు కావాలి. పోల్చి చూడడానికి, చెరి 400 కిలోల బరువు గల ఎడ్ల జత తన బరువులో పదో వంతు, అనగా 80 కిలోల ఈడ్పును నిలకడగా ఇవ్వగలదు. ఒంటి చక్రపు తేలిక బండి ఎడ్లకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. తేలిక నేలలో అంతరకృషి వరకే దానిని సూచించాలి, దుక్కికి సూచించరాదు.

పని పరిమాణం గురించి కూడా ముందే చెప్పి ఉంచాలి. 45 సెం.మీ. సాళ్ళలో గంటకు 3 కి.మీ. నడకతో, మలుపులకు 30 శాతం కాలం పోయిందనుకుంటే గంటకు 945 చదరపు మీటర్లు అవుతుంది. ఎకరానికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది.

ఇంజను చల్లబడే తీరు

మోటారు సైకిలు ఇంజను చుట్టూ ఉండే రెక్కలు ఎదురుగాలితో చల్లబడతాయి. పొలంలో నడక వేగంతో పోయే బండికి, ఒకచోట నిలిపి పంపునో గిర్నీనో తిప్పే బండికి ఎదురుగాలి ఉండదు. వేసవి మధ్యాహ్నం గంటసేపు ఇట్లా నడిస్తే నూనె పలచబడి పిస్టను పట్టేయవచ్చు. ఈ విషయంలో పాత స్కూటరుకు ఒక సౌలభ్యం ఉన్నది, దానిని చాలమంది గుర్తించరు. 1972లో మార్కెట్టులోకి వచ్చిన బజాజ్ చేతక్ వంటి స్కూటర్లలో ఇంజను డొక్కులో మూసి ఉంటుంది కనుక ఫ్లైవీలుకే గాలి రెక్కలు అమర్చి, రేకు తొడుగు ద్వారా సిలిండరు మీదికి గాలి మళ్ళిస్తారు. బండి కదలకున్నా ఇంజను చల్లబడుతుంది. నిలకడ పనులకు మోటారు సైకిలు కన్న స్కూటరు ఇంజను తగినదని చెప్పడానికి ఇది చాలు. కాని విప్పేటప్పుడు మొదట తీసి పారేసేది ఆ రేకు తొడుగునే. “గాలి బాగా తగులుతుంది” అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. తొడుగు లేకుంటే ఫ్యాను గాలి చుట్టూ చెదిరిపోయి సిలిండరుకు చేరదు.

స్కూటరుతో చిక్కు మరొక చోట ఉన్నది. దాని గేరుపెట్టె నేరుగా చక్రపు హబ్బును తిప్పుతుంది, గొలుసు లేదు. అందువల్ల స్ప్రాకెట్లతో వేగం తగ్గించుకునే వీలు తక్కువ. హబ్బుకు స్ప్రాకెట్టునో కప్పీనో బోల్టులతో బిగించి అక్కడి నుండి శక్తి తీసుకోవాలి. మొత్తం మీద, నిలిచి తిప్పే పనికి స్కూటరు, కదిలి లాగే పనికి గొలుసు గల మోటారు సైకిలు అనుకూలం. మోటారు సైకిలునే వాడితే ఇంజను ఇరుసుతో తిరిగే చిన్న ఫ్యాను, రేకు గొట్టం అమర్చడం, అరగంటకొకసారి విరామం ఇవ్వడం అవసరం.

టూ-స్ట్రోక్ ఇంజన్లలో లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూ-టీ ఆయిలు కలపాలన్నది తెలిసినదే. పొదుపు పేరిట దీనిని తగ్గించరాదు. అంతకన్న ముఖ్యమైన హెచ్చరిక మరొకటున్నది. ఏ పెట్రోలు ఇంజనునైనా దిగుడు బావిలోకి దించి గాని, మూసిన పాకలో గాని నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. బావిలో కింద ఉన్నవాడు కూలిపోతాడు, అతనిని తీయడానికి దిగినవాడూ కూలిపోతాడు.

అతుకులు, ఆపుడు

బండి చట్రపు గొట్టాలు పలుచనివి. ఊరి ఆర్కు వెల్డింగులో అతుకు పక్కన గొట్టం మాడి, కొన్ని వారాల అదురు తరువాత సరిగ్గా అతుకు అంచున చీలుతుంది. అతుకు చుట్టూ త్రికోణపు పట్టీ వేయడం, ఇంజనును వెల్డు చేయకుండా రబ్బరు బుష్‌లతో బోల్టులపై నిలపడం దీనికి పరిష్కారం. అల్యూమినియం డొక్కును ఇంటి ఆర్కుతో అతకడం సాధ్యం కాదు. పెట్రోలు ట్యాంకు బండిపై ఉండగా వెల్డింగు చేయరాదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్న అపాయకరం, ఎందుకంటే దానిలో మిగిలేది ఆవిరి.

నడిచి తోలే బండిలో తోలేవాడు జారి పడితే బండి తనంతట ఆగాలి. టీవీఎస్ మోపెడ్ల తరహాలో వేగానికి లోబడి పట్టే క్లచ్ ఉన్నచోట యాక్సిలరేటరు వదలగానే చక్రానికి శక్తి అందదు. ఇది సహజంగా వచ్చిన రక్షణ. గేరు బండ్లకు మణికట్టుకు కట్టిన తాడు లాగినంతనే ఇగ్నిషన్ తెగిపోయే స్విచ్చి పెట్టాలి. ఖర్చు స్వల్పం. అయినా చాల బండ్లలో ఈ స్విచ్చి కనిపించదు.

రెండు వెనుక చక్రాల బండ్లలో డిఫరెన్షియల్ లేకుండా ఒకే ఇరుసుకు రెండింటినీ బిగిస్తుంటారు. పొలంలో మట్టి జారుతుంది కనుక మలుపు తిరుగుతుంది. అదే బండి రోడ్డెక్కితే మలుపులో లోపలి చక్రం ఎగదన్ని, బండి తిరగబడే ప్రమాదమున్నది. ఇద్దరు మనుషుల కోసం చేసిన డ్రమ్ము బ్రేకుకు అయిదు బస్తాల బరువును దిగుడు రోడ్డులో నిలపగల శక్తి లేదు.

చట్టపరమైన స్థితి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నిబంధనను మరింత స్పష్టం చేసింది. ఉత్తరాదిన పంపు ఇంజన్లతో చేసే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, నిబంధనలు పాటించనిదే రోడ్డుపై తిరగరాదని అదే న్యాయస్థానం 2013లో తీర్పునిచ్చింది. కనుక ఇంటిలో మలచిన బండిపై మనుషులను గాని, సరుకును గాని రోడ్డు మీద తీసుకుపోవడాన్ని విస్తరణ సిబ్బంది ప్రోత్సహించరాదు. భీమా లేని బండి వల్ల ప్రమాదం జరిగితే నష్టపరిహారం రైతు ఆస్తి నుండే చెల్లించవలసి వస్తుంది. చట్టంలోని నిర్వచనం రోడ్లపై వాడుకకు అనువైన వాహనాలకు సంబంధించినది. ఇనుప చక్రాలతో, కూర్చునే సీటు లేకుండా, పొలంలోనే నడిచే పరికరం స్వభావం వేరు. దానిని పొలానికి బండిపై వేసి తీసుకుపోవడమే క్షేమం.

కోసే ముందు చేయవలసిన పని ఒకటున్నది. వాహనం శాశ్వతంగా వాడుకకు పనికిరానిదైతే 14 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలని 55వ సెక్షను చెబుతున్నది. తుక్కు దుకాణంలో ఇంజను కొనేటప్పుడు పాత ఆర్.సి. నకలు అడిగి, ఇంజను నంబరు సరిపోల్చుకోవాలి. నంబరు చెరిపివేసిన ఇంజను ఎంత చౌకగా వచ్చినా తీసుకొనరాదు.

క్షేత్రంలో కొలతలు

వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఇది మంచి క్షేత్ర అధ్యయనం. పెద్ద పరికరాలు అవసరం లేదు. గుంటకను బండి నుండి విడదీసి, తాడుకు 100 కిలోల స్ప్రింగు త్రాసు కట్టి మనుషులు నడక వేగంతో లాగితే ఈడ్పు తెలుస్తుంది. చక్రంపై సున్నపు గుర్తు పెట్టి, పనిముట్టు ఎత్తినప్పుడు, దించినప్పుడు పది చుట్లకు సాగిన దూరాన్ని కొలిస్తే జారుడు శాతం వస్తుంది. ట్యాంకు నిండా పోసి, పని ముగిశాక మళ్ళీ నింపడానికి పట్టిన పెట్రోలు ఎకరానికి ఖర్చును చెబుతుంది. ఈ కొలతలను ఎర్ర నేలలో ఒకసారి, నల్ల నేలలో ఒకసారి, తేమ శాతంతో సహా నమోదు చేయాలి. వాణిజ్య స్థాయికి తేదలచిన నమూనాలకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది.

వీటన్నిటికన్న విలువైనది తయారీదారు దగ్గర ఉంచే సాధారణ నోటు పుస్తకం. ఎన్ని గంటల పని తరువాత గొలుసు సాగింది, ఏ అతుకు ఎక్కడ చీలింది, బేరింగు ఎప్పుడు మార్చారు అన్న వివరాలు అందులో ఉండాలి. పక్క ఊరి వెల్డరు అదే బండిని చేయబూనినప్పుడు మొదట అడిగేది ఈ సంగతులనే. ప్రస్తుతం అవి ఎవరి వద్దనూ వ్రాతరూపంలో దొరకడం లేదు.